ఇంటికంతటికీ ఒకే రాత్రి

ఒళ్లంతా పొక్కులతో ఉన్న పిల్లాణ్ణి తీసుకొస్తే నేను ముందు చూసేది తల్లి చేతులు. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని రెండు చేతులూ చుట్టేసి పట్టుకుంటుంది కదా, ఆ వేళ్ల సందుల్లో గీరిన గుర్తులు, సన్నటి నీటి పొక్కులు కనబడితే సగం సంగతి తెలిసిపోతుంది. ఆ తర్వాతే పిల్లాడి వంతు. వేళ్ల సందులు, మణికట్టు మడత, చంకలు, బొడ్డు చుట్టూ, మొలతాడు కింద చూస్తాను. మగపిల్లాడైతే నిక్కరు కూడా విప్పించి చూడాల్సిందే. "రాత్రి నిద్ర పోతున్నాడా?" అని అడుగుతాను. "యాడ పోతడు డాక్టరమ్మా, పండుకుంటే చాలు గీక్కుంటనే ఉంటడు. పక్కన పండుకునే చెల్లె గూడ అంతే" అని తల్లి అంటే ఇక సందేహం అక్కర్లేదు. అది గజ్జి.

అప్పటికీ అనుమానం మిగిలితే సిరా పెన్ను పనికొస్తుంది. పొక్కు మీద సిరా రాసి, స్పిరిట్ దూదితో తుడిస్తే పైనున్న సిరా పోతుంది. పురుగు తొలుచుకున్న సన్నటి దారిలోకి దిగిన సిరా మాత్రం నీలం గీతలా మిగులుతుంది. ఆ గీతను తల్లికి చూపిస్తే, నేను అరగంట చెప్పినా ఎక్కని విషయం ఒక్క క్షణంలో ఎక్కుతుంది. చర్మం కింద ప్రాణి ఉంది, గుడ్లు పెడుతోంది, అది ఒకరి ఒంటి నుంచి ఇంకొకరి ఒంటికి పాకుతుంది అని.

భద్రాచలం దాటి చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి అంచు ఊళ్లలో పిల్లల ఒంటి మీది దద్దుర్లకు కారణం ఇదొక్కటే కాదు. ఏ కాలానికి ఆ బాధ ఉంటుంది. మిరప కోతల రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి కూలికి వచ్చిన కుటుంబాల పిల్లలు చేల గట్ల మీదే ఆడుకుంటారు. కారం అంటిన చేత్తో కళ్లూ మొహమూ రుద్దుకుని ఎర్రగా వాచిపోయి వస్తారు. అడవిలో కాయా గింజా ఏరే రోజుల్లో నల్లజీడి బాధ మొదలవుతుంది. దాని రసం అంటిన చోట నల్లగా కమిలి, చుట్టూ బొబ్బలెక్కుతుంది. పిల్లలు ఆటలో పగలగొట్టి అంటించుకుంటారు. కొన్నిసార్లు పెద్దలే ఏదో నొప్పికి మందని రాస్తారు. లేత చర్మానికి ఆ రసం ఎప్పుడూ రాయకూడదు. అంటిన వెంటనే సబ్బుతో బాగా కడగాలి. దూలగొండి కాయ నూగు తగిలితే గోకకుండా బట్టలు మార్చి, నీళ్లతో కడిగేస్తే దురద తగ్గుతుంది.

ఎండాకాలం ఈ ప్రాంతం ఎలా ఉడికిపోతుందో చెప్పక్కర్లేదు. పసిపిల్లల మెడ మీద, వీపున, నుదుటిపైన చెమటకాయలు కుప్పగా లేస్తాయి. వాటికి మందు చల్లటి నీళ్లు, వదులైన నూలు చొక్కా, గాలి. పౌడరు పట్టించిన కొద్దీ చెమట రంధ్రాలు ఇంకా మూసుకుపోతాయి. వానలు మొదలైతే దోమలు, నల్లులు కుట్టిన చోటల్లా గట్టి దద్దుర్లు లేస్తాయి. గోళ్లతో గీరితే పుండ్లు పడి, తేనె రంగు పక్కులు కడతాయి. చలికాలం మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక, బుగ్గల మీద చర్మం పొడిబారి దురద పెట్టే పిల్లలున్నారు. వాళ్లకు స్నానం అయ్యాక ఒళ్లు తడి ఆరకముందే కొబ్బరినూనె గానీ వాజిలిన్ గానీ రాస్తే చాలా మటుకు సర్దుకుంటుంది.

బుగ్గల మీద పాలిపోయిన మచ్చలు కనబడితే నులిపురుగులని ఇక్కడ అందరూ అంటారు. ఎక్కువసార్లు అవి పొడిబారిన చర్మం మచ్చలే. పురుగులకూ వాటికీ సంబంధం లేదు. కానీ అలాంటి ఏ మచ్చ కనబడినా దూదిపోగు కొసతో తాకి, "తగిలిందా?" అని అడగడం నాకు అలవాటు. పిల్లాడు కళ్లు మూసుకుని తాకిన చోట వేలు పెట్టి చూపిస్తే భయం లేదు. స్పర్శ తెలియకపోతే అది కుష్టు కావచ్చు. దానికి మాత్రలున్నాయి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. తొందరగా పట్టుకుంటే చేతులూ వేళ్లూ చెక్కుచెదరకుండా నయమవుతుంది.

ఆటలమ్మ పోసినా, తట్టు పోసినా వేపమండలు కట్టి, ఇంటిని శుభ్రంగా ఉంచి, బిడ్డను ఒక పక్కన పడుకోబెట్టే మన పెద్దల పద్ధతిని నేనెప్పుడూ కాదనలేదు. రోగిని వేరుగా ఉంచడం మంచి పనే. నేను కోరేది అమ్మవారి పేరు చెప్పి ఆసుపత్రి మానేయొద్దని మాత్రమే. జ్వరం, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటంతో మొదలై, చెవుల వెనక నుంచి మొహానికీ, అక్కడి నుంచి కిందికీ దిగే ఎర్ర దద్దు తట్టు. పిల్లలు చనిపోయేది ఆ దద్దు వల్ల కాదు, దాని వెంట వచ్చే న్యుమోనియా వల్ల, విరేచనాల వల్ల. అందుకే వరసగా రెండు రోజులు విటమిన్ ఎ మోతాదు ఇస్తాం. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండగానే ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి, ఈ రెండు టీకాలూ పడితే ఆ ప్రమాదం దాదాపు తప్పిపోతుంది. అడవి లోపలి గుత్తికోయ గిరిజనుల గూడేల్లో టీకా అందని పిల్లలుంటే ఆ సంగతి ఏఎన్‌ఎంకు చెప్పడం మన అందరి బాధ్యత.

ఇంకొక్క పరీక్ష ప్రతి తల్లికీ రావాలి. జ్వరంతో ఉన్న బిడ్డ ఒంటి మీద ఎర్ర చుక్కలు కనబడితే గాజు గ్లాసు అడుగుతో నొక్కి చూడండి. నొక్కినప్పుడు ఎరుపు మాయమైతే కాస్త నిదానించి చూపించుకోవచ్చు. మాయం కాకపోతే చర్మం లోపల రక్తం చిమ్మిందని అర్థం. డెంగీ కావచ్చు, మెదడు పొరల వాపు కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి బయల్దేరాలి.

ఇన్ని కారణాలుండగా మందుల షాపులో మాత్రం అన్నిటికీ ఒకటే ట్యూబు ఇస్తున్నారు. అందులో ఘాటైన స్టెరాయిడ్, బూజు మందు, యాంటీబయాటిక్ కలిపి ఉంటాయి. రాసిన రెండో రోజుకే ఎరుపూ దురదా తగ్గుతాయి, తల్లి సంతోషిస్తుంది. ఇది నా కళ్ల ముందు రోజూ జరిగే అన్యాయం. తామరకు అది రాస్తే పైకి తగ్గినట్టు కనబడుతూ చుట్టూ పాకి, మందుకు ఓ పట్టాన లొంగని స్థితికి వస్తుంది. గజ్జికి రాస్తే పురుగు చావదు, లక్షణం మాత్రం దాక్కుంటుంది. నెలల తరబడి రాస్తే పిల్లల చర్మం పలచబడి నరాలు కనబడతాయి. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. ఆ మాట మన సంతల దాకా ఇంకా రాలేదు.

గజ్జిని చిన్నచూపు చూడటం ఇంకో పొరపాటు. దురదే కదా అంటారు. గీరిన చోట క్రిములు చేరి చీము పడితే, కొన్ని వారాల తర్వాత కొందరు పిల్లలకు మొహం ఉబ్బుతుంది, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తుంది. అంటే మూత్రపిండాలకు దెబ్బ తగిలిందన్న మాట. ఒంటి మీది పురుగు చేసే చేటు బిడ్డ కిడ్నీ దాకా వెళ్లగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన రోగాల జాబితాలో చేర్చింది.

గజ్జి పోయే రోగం కాదనేవాళ్లకు నేను కోయ రోగం సంగతి చెబుతాను. ఈ తరానికి దాని పేరే తెలియదు. ఇంగ్లిష్ వైద్యంలో యాస్ అంటారు. గోదావరి, శబరి ఏజెన్సీ ఊళ్లలో, బస్తర్‌లో, కోరాపుట్‌లో పదిహేనేళ్లలోపు పిల్లలకు ఎక్కువగా వచ్చేది. ఒంటికి ఒళ్లు రాసుకుంటే, చిన్న గీత గుండా ఎక్కేది. ఎర్రగా పచ్చిగా పొంగిన పుండ్లతో మొదలై, ఏళ్లు గడిచేసరికి ఎముకలు వంకర్లు పోయేవి, ముక్కు కుంగిపోయేది. దాని మందు ఒక్కటంటే ఒక్క పెన్సిలిన్ సూది. 1950లలో మొదలుపెట్టిన మొదటి కార్యక్రమం రోగాన్ని బాగా తగ్గించింది గానీ వేళ్లతో సహా పెకలించలేదు. మళ్లీ 1996-97లో, శబరి పుట్టిన కోరాపుట్ జిల్లాలోనే మొదలుపెట్టి, పది రాష్ట్రాలకు విస్తరించారు. ఆరోగ్య కార్యకర్తలు కాలిబాటన గూడెం గూడెం తిరిగారు, ఇంటింటికీ వెళ్లి పిల్లల ఒళ్లు చూశారు. పుండున్న పిల్లాడికే కాదు, వాడి ఇంట్లో వాళ్లకూ, వాడితో ఆడుకునే వాళ్లకూ అదే సూది వేశారు. 1996లో దేశంలో మూడున్నర వేలకు పైగా కేసులుండేవి. 2003 తర్వాత ఒక్కటి కూడా రాలేదు. 2016లో భారత్‌లో యాస్ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

మందు కొత్తది కాదు, పెన్సిలిన్ అప్పటికే పాతబడిపోయింది. గెలిపించింది పద్ధతి. రోగి వచ్చేదాకా కూర్చోకుండా వెళ్లి చూడటం, రోగితో పాటు చుట్టూ ఉన్నవాళ్లకూ మందు వేయడం. గజ్జికి కావలసిందీ అదే. ఫిజీ దీవుల్లో ఊళ్లకు ఊళ్లకే ఐవర్‌మెక్టిన్ మాత్రలు ఇచ్చి చూస్తే, ఏడాదిలో గజ్జి 32 శాతం నుంచి 2 శాతం లోపుకు పడిపోయింది. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. అదే ఏడాది ఆ మందును కనిపెట్టిన శాస్త్రవేత్తలకు నోబెల్ దక్కింది.

మన ఇళ్లలో చేయవలసింది ఇది. పర్మెత్రిన్ 5 శాతం క్రీము ఇంట్లో అందరికీ, దురద ఉన్నా లేకపోయినా, ఒకే రాత్రి రాయాలి. మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, ఎక్కడా వదలకుండా పట్టించి, తెల్లారి కడగాలి. పసిపిల్లలకు తలకూ మొహానికీ కూడా, కళ్లూ నోరూ తప్పించి రాయాలి. రెండు నెలలు నిండని బిడ్డకు, గర్భిణికి డాక్టరును అడగకుండా ఏదీ వాడొద్దు. కట్టుకున్న బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకలేనివి సంచిలో బిగించి కట్టి వారం పక్కన పెడితే చాలు, మనిషి ఒంటి వెచ్చదనం లేకుండా ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. వారం పది రోజులకు మరోసారి రాయాలి. పురుగు చచ్చాక కూడా దురద రెండు మూడు వారాలు ఉంటుంది. మందు పని చేయలేదని మళ్లీ మళ్లీ పూయొద్దు.

ఆశ్రమ పాఠశాలల వార్డెన్లకూ, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారులకూ నా విన్నపం ఒక్కటే. హాస్టల్లో గజ్జి వస్తే ఆ పిల్లాణ్ణి వేరు చేసి ఇంటికి పంపొద్దు. ఇంటికెళ్లి తమ్ముడికి అంటించి, సెలవులయ్యాక మళ్లీ తెస్తాడు. ఒక రాత్రి ఎంచుకోండి. ఆ రాత్రి పిల్లలందరికీ, వంటవాళ్లకూ, కాపలాదారుకూ మందు రాయించండి. ఏ పిల్లాడి దుప్పటి వాడికే ఉండేలా చూడండి. వారం తర్వాత అదే పని మరోసారి చేయించండి. కోయ రోగాన్ని ఈ అడవిలోంచి పంపించిన పద్ధతి మనకు తెలుసు. గజ్జి మీద ఆ పద్ధతిని ఈ వానాకాలమే మొదలుపెట్టండి.