అనుమానపు పట్టిక, అన్నపు పట్టిక: ఒక చట్టం, ఒక గోడపత్రం, ఒక వ్యాజ్యం

ఒక సమూహాన్ని ప్రమాదకరమైనదిగా చిత్రించే భాష శాసనంలో ఎలా స్థిరపడుతుందో, ఆరోగ్య విపత్తులో ఎలా తిరిగి తలెత్తుతుందో, దాన్ని ఎదిరించినవారు ఏ మాటతో ఎదిరించారో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

నిజాం రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, వచ్చిన చట్టమే తరువాత తెలంగాణ యూనక్స్ చట్టమయింది. బ్రిటిష్ ఇండియా 1871 నేరస్థ జాతుల చట్టం దీనికి పూర్వరూపం. బాలుర అపహరణ, వారిని నపుంసకులను చేయడం, 'అసహజ నేరం' వీటిలో దేనిపైనైనా అనుమానం ఉన్న 'యూనక్స్' పేర్లు, నివాసాలు పట్టికలో నమోదు చేయాలన్నది దీని విధి. పట్టికకెక్కినవారు వీధిలో స్త్రీ వేషంలో కనిపించినా, ఆడిపాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. రెండేళ్ల వరకు జైలు. ఇక్కడ శిక్షకు మూలం చేసిన పని కాదు, కట్టుకున్న బట్ట. 'అసహజ నేరం' అనే మాట స్వలింగ ప్రేమను కూడా అదే అనుమానపు గాటన కట్టింది. చట్టం పరిధి హైదరాబాదు నగరం, ప్రభుత్వం ప్రకటించే ఇతర స్థలాలు. కాబట్టి కోడేరు వంటి పాలమూరు ఊరి నుంచి బతుకుదెరువుకు నగరం చేరిన హిజ్రాకు ఆ చేరికే అనుమానపు హద్దులో అడుగుపెట్టడం.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ నుంచి వయోజనుల పరస్పర సమ్మతి సంబంధాలను తప్పించింది. అయినా ఈ చట్టం పుస్తకంలో మిగిలే ఉంది. 2020 మార్చిలో హైదరాబాదులో వెలసిన గోడపత్రాలు హిజ్రాలను దుకాణాల దగ్గరికి రానీయవద్దనీ, వారితో మాట్లాడితే కరోనా సోకుతుందనీ, తరిమికొట్టమనీ లేదా 100కు ఫోన్ చేయమనీ చెప్పాయి. ఇవి ప్రభుత్వ ప్రకటనలు కావు. కానీ ఆ అంకె పోలీసులను సాక్షిగా పిలిచింది. పాత చట్టపు తర్కమే ఇక్కడ వ్యాధి పేరుతో మాట్లాడింది.

వైజయంతి వసంత మొగ్లి ఈ చట్టాన్ని 2018లోనే హైకోర్టులో సవాలు చేశారు. 2020లో కరోనా కాలపు రేషను, మందులు, వైద్యం కోరుతూ మరో వ్యాజ్యం వేశారు. ఈ రెండింటినీ కలిపి చదివితేనే ప్రతిఘటన స్వరూపం బోధపడుతుంది: అనుమానించే పట్టికను కొట్టివేయమనడం ఒకటి, అన్నం పెట్టే పట్టికలో చేర్చమనడం మరొకటి. 2023 జులై 6న హైకోర్టు రాజ్యాంగం 14, 21 అధికరణాలకు విరుద్ధమని చట్టాన్ని కొట్టివేసి, ఆసరా పింఛను ట్రాన్స్‌జెండర్లకూ వర్తింపజేయాలని ఆదేశించింది.

పి. సత్యవతి తెలుగు చేసిన రేవతి ఆత్మకథ 'ఒక హిజ్రా ఆత్మకథ' (అనువాదానికి 2019 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం) ఈ సందర్భంలో కొత్త అర్థాన్నిస్తుంది. చట్టం, గోడపత్రం 'వారు' అంటాయి. ఆత్మకథ, వ్యాజ్యం 'నేను' అంటాయి. చట్టం రద్దయినా 'కొజ్జా' తిట్టుగా నిలిచే ఉంది. ఆ పదచరిత్రను పరిశోధించడం తెలుగు శాఖల బాధ్యత.