యోసెలె గీసుకున్న గీత

టీవీ పాటల పోటీలో ఓ కుర్రాడు త్యాగరాజ కీర్తన ఎత్తుకుని చరణంలోకి వెళ్లాడో లేదో, న్యాయనిర్ణేత లేచి ఈల వేశాడు. రంగు కాగితాలు కురిశాయి. ఈ కాలమిస్టుకు వారమంతా ఒకటే చిరాకు. భక్తి పాటకు స్టేజీ ఎందుకన్నది ఆయనగారి పాత పేచీ. మైకు మీద కక్ష సరేసరి.

మందుగా యోసెలె రోసెన్‌బ్లాట్ రికార్డు పెట్టుకున్నాడు. యోసెలె కాంటర్, అంటే సినగాగ్‌లో యూదుల ప్రార్థనను గానంతో నడిపేవాడు. 1882లో ఉక్రెయిన్‌లోని బీలా త్సెర్క్వాలో పుట్టి, హాంబర్గ్‌లో పేరు తెచ్చుకుని, 1912లో న్యూయార్క్ చేరాడు. సంప్రదాయ సినగాగుల్లో సబ్బాతు నాడు, అంటే వారాంతపు విశ్రాంతి దినాన, వాద్యాలుండవు, మైకూ ఉండదు (కాలమిస్టు ఇక్కడ రెండుసార్లు తలూపాడు). బరువంతా గొంతు మీదే. నిండుగా సాగే యోసెలె గొంతు ఉన్నట్టుండి సన్నని పైస్థాయికి ఎగిరి, అక్కణ్నుంచి వెక్కుతూ దిగుతుంది. వినేవాడు ఆ వెక్కు దగ్గరే దొరికిపోతాడు.

1918లో చికాగో ఒపేరావాళ్లు ప్రదర్శనకు వెయ్యి డాలర్లిస్తామన్నారు. వేషం, అలెవీ రాసిన ‘లా జ్వీవ్’లో యూదు కంసాలి ఎలియాజర్. గడ్డం తీయక్కర్లేదు, సబ్బాతు నాడు పాడక్కర్లేదు అన్నా ఆయన ఒప్పుకోలేదు. మహా గాయకుడు కరూసో చివరిసారి కట్టిన వేషం అదే.

ఇంతవరకూ కాలమిస్టు గెలిచినట్టే. కానీ ఓ యూదు పత్రికలో డబ్బు పెట్టి, 1925లో దివాలా తీసిన యోసెలె, అప్పులు తీర్చడానికి గారడీవాళ్లూ హాస్యగాళ్లూ ఆడే వాడ్విల్ స్టేజీ ఎక్కాడు. 1927లో ‘ది జాజ్ సింగర్’ సినిమాలోనూ కనిపించాడు. కాంటర్ కొడుకు స్టేజీ బాట పట్టిన కథ అది. యూదుల ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పుర్ రాత్రి పాడే ‘కోల్ నిద్రే’ ప్రార్థనను అందులో పాడమంటే కుదరదన్నాడు, ప్రార్థన కాని ఓ పాట యిద్దిష్ భాషలో పాడాడు. గ్రామఫోనుకు మాత్రం ప్రార్థనలు కూడా ఇచ్చాడు, సినగాగ్‌లో తీరిగ్గా సాగేవాటిని నాలుగైదు నిమిషాల్లో ఇమిడ్చి.

ఆ రికార్డులే లేకుంటే కాలమిస్టుకు మందెక్కడిది? కాబట్టి స్టేజీ మీద పేచీ ఇక నిలవదు. ఏ పాట ఎక్కడ పాడాలో యోసెలె ఒక్కోదానికి విడిగా తేల్చుకున్నాడు, డబ్బు అవసరం పీకల మీదికొచ్చినప్పుడు కూడా.

1933లో సినిమా చిత్రీకరణకు పాలస్తీనా వెళ్లి, జెరూసలేంలో కన్నుమూశాడు. బైబిల్‌లోని 126వ కీర్తనకు ఆయన కట్టిన బాణీని సబ్బాతు భోజనాలయ్యాక ఇప్పటికీ ఇళ్లలో పాడుకుంటారు. పాడేవాళ్లలో చాలామందికి ఆ పైస్థాయి అందదు. బాణీ దాన్ని అడగదు కూడా.