ఒత్తు కనిపిస్తోందా?

చీరల దుకాణం కావచ్చు, మిర్చి ఎగుమతి కావచ్చు, పళ్ల ఆస్పత్రి కావచ్చు. ప్రచార వీడియో తీయించుకోవాలని నాకు ఫోన్ చేసేవాళ్లు అన్నిటికంటే ముందు అడిగేది ఒకటే. "4కెలోనే తీస్తారు కదండీ?" రేటు గొడవ ఆ తర్వాత. వీడియోలో ఏం చూపించాలన్నది ఇంకా తర్వాత. ఈ మధ్య ఒకాయన 8కె దాకా వెళ్లాడు, పక్క వీధి పోటీదారు 4కెలో తీయించాడని.

నేను వెంటనే అవుననను, కాదనను. "ఎక్కడ వేస్తారండీ?" అంటాను. కాసేపాగి జవాబొస్తుంది: "అన్నిట్లోనూ."

సరే, అన్నిట్లో పెద్దదాంతోనే మొదలుపెడదాం. ఊరి కూడలిలో నిలబెట్టే ఎల్‌ఈడీ బోర్డు. వాటిలో బాగా వాడకంలో ఉన్న రకాన్ని పీ10 అంటారు. ఒక దీపపు చుక్కకీ పక్క చుక్కకీ నడుమ 10 మిల్లీమీటర్ల ఎడం అని దానర్థం. అలాంటి బోర్డు 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉందనుకోండి. అడ్డంగా 600 చుక్కలు, నిలువుగా 300. మొత్తం లక్షా ఎనభై వేలు. 4కె ఫ్రేములో ఉండేవి 3840 × 2160, దగ్గర దగ్గర 83 లక్షలు. అంటే మీరు డబ్బు పోసి తీయించిన ప్రతి 46 చుక్కల్లో 45 ఆ బోర్డు ఎక్కనే ఎక్కవు. కింద సిగ్నల్ దగ్గర ఆగిన కుర్రాడి ఫోన్ తెర మీద దానికి పదింతలకు పైగా చుక్కలుంటాయి. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే తప్ప ఎవరూ నమ్మరు.

సినిమా హాలు సంగతీ అంతే. ఇంటర్వెల్లో వేసే ప్రకటన అంత పెద్ద తెర మీద ఆడాలంటే ఎంత రిజల్యూషన్ కావాలో అని కంగారు పడతారు. మన హాళ్లలో ఎక్కువ ప్రొజెక్టర్లు 2కెవే. 2048 × 1080. మామూలు ఫుల్ హెచ్‌డీ 1920 × 1080 కంటే ఇసుమంత ఎక్కువ, అంతే. ఇక లోకల్ కేబుల్‌లో పాత పద్ధతిలో నడిచే ఛానెల్‌కి ఇస్తే 720 × 576కి దిగిపోతుంది.

4కె ఫైలుగానే ఇవ్వాల్సిన చోటు లేకపోలేదు. నగల షోరూంలో కౌంటరు పక్కన పెద్ద 4కె టీవీ పెట్టి, పెన్‌డ్రైవ్‌తో రోజంతా ఆడిస్తారు. కొనేవాళ్లు నాలుగడుగుల దూరంలో కూర్చుని, బేరం తెగేదాకా దాన్నే చూస్తుంటారు. అక్కడ కెంపు పక్కన కెంపు విడివిడిగా కనబడాలి. రియల్ ఎస్టేట్ ఆఫీసులో డ్రోన్ వీడియో కూడా ఈ కోవలోదే.

అయితే చాలామంది వీడియోలు చివరికి చేరేది వాట్సాప్‌కే. 2023 ఆగస్టులో అందులో హెచ్‌డీ పంపే వీలొచ్చింది. అదీ 720 దాకానే, పైగా పంపేవాళ్లు గుర్తుపెట్టుకుని హెచ్‌డీ ఎంచుకుంటేనే. లేదంటే 480 దగ్గరకు నలిగిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే చెక్కు చెదరదు. కానీ డౌన్‌లోడ్ చేసుకుని మరీ మన ప్రకటన చూసే ఓపిక ఎవరికుంది?

480 అంటే ఏదో అవమానంగా భావించక్కర్లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు నెట్‌వర్క్‌ల మీద బరువు తగ్గించడానికి మన దేశంలోని పెద్ద వీడియో కంపెనీలు ఏప్రిల్ 14 వరకు మొబైల్ డేటా మీద 480కి మించి ఇవ్వబోమని ప్రకటించాయి. ఇళ్లలో ఉన్న జనం చూడటం మానేశారా? మొహం కనబడుతోంది, మాట వినబడుతోంది, చాలనుకున్నారు. వాళ్లకు అక్కర్లేని చుక్కలు మన ప్రకటనకు మాత్రం ఎందుకు కావాలంటే, నా దగ్గర రెండే కారణాలున్నాయి. ఒకటి సరుకు, రెండోది రాత.

సరుకు సంగతి చీరల దగ్గర బాగా తెలుస్తుంది. మామూలు వీడియోలో వెలుగునీడలు ప్రతి చుక్కకీ నమోదవుతాయి గానీ రంగు అలా నమోదవదు. స్థలం కలిసిరావడానికి నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు రాసుకుంటుంది కెమెరా. కాబట్టి 1080లో తీసిన చీరకు రంగు వరకు దక్కేది 960 × 540 మాత్రమే. ఎర్రటి నేత మీద ఆకుపచ్చ అంచు కలిసే గీత దగ్గర ఆ మసక కంటికి తగులుతుంది. అదే 4కెలో తీసి 1080కి దించితే, ఒక్కో చుక్కకీ దాని సొంత రంగు దక్కుతుంది. మంగళగిరి చీరల మీది సన్నగళ్లకు, పోచంపల్లి ఇక్కత్‌లో రంగు రంగులోకి జారే అంచులకు ఇది కంటికి తెలిసే తేడా. చూపించేది ఫోన్లోనే అయినా నేను 4కెలో తీసేది ఇందుకే. ఫైలు మీద 4కె అని పేరు ఉండాలని కాదు.

4కెలో తీస్తే ఇంకో లాభం, నిలువు ముక్క. యూట్యూబ్‌కి అడ్డంగా, రీల్స్‌కి నిలువుగా రెండూ కావాలంటారు, రెండుసార్లు తీయడానికి డబ్బివ్వరు. 1080 అడ్డం ఫ్రేములోంచి నిలువు ముక్క కోస్తే వచ్చే వెడల్పు 607 చుక్కలు. రీల్‌కి కావలసింది 1080. 4కెలోంచి కోస్తే 1215 వస్తుంది, ఇంకా కాస్త జరుపుకోవడానికి చోటు కూడా మిగులుతుంది.

చుక్కలు పెంచి, వాటిని మోసే డేటాను పెంచకపోవడం మరో తప్పు. ఆన్‌లైన్లో ఎక్కించే 1080 వీడియోకి సెకనుకు 8 మెగాబిట్లు, 4కెకి 35 నుంచి 45 ఉండాలని యూట్యూబే చెబుతుంది. ఫైలు బరువెక్కుతోందని కొందరు 4కె పేరుతోనే ఉంచి, డేటాను మాత్రం ఎనిమిదికి కుదిస్తారు. గ్లాసెడు పెరుగుతో ఊరందరికీ మజ్జిగ చేసినట్టుంటుంది. పట్టు కొంగు కాస్త కదిలితే చాలు, జరీ అంతా గళ్లుగళ్లుగా విడిపోతుంది. దానికంటే నిండుగా డేటా ఉన్న 1080 ఎంతో నయం.

ఇక రాత. దీని గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, నా మట్టుకు నాకు అసలు పరీక్ష ఇదే. నిలువు వీడియోలో 1080 వెడల్పుకు 40 చుక్కల ఎత్తున ఒక తెలుగు వరుస పెట్టామనుకోండి. మా కంప్యూటర్ తెర మీద ముత్యాల్లా ఉంటుంది. వాట్సాప్‌లో నలిగి 480కి వచ్చేసరికి ఆ ఎత్తు 18 చుక్కలకు పడిపోతుంది. ఇంగ్లిష్ పెద్దక్షరమైతే ఆ పద్దెనిమిదీ తనే వాడుకుని దర్జాగా నిలబడుతుంది. మన 'లక్ష్మి'లో చివరి అక్షరం అలా కాదు. పైన గుడి, నడుమ అక్షరం, కింద రెండు ఒత్తులు. అంతస్తుకు ఆరేసి చుక్కలు వస్తే అదృష్టం. మన దుకాణాల పేర్లేమో సగం శ్రీలు, సగం లక్ష్ములు! నల్లటి అడుగు మీద ఎర్రక్షరాలు వేస్తే, ఇందాక చెప్పిన రంగు పొదుపు కూడా తోడై ఒత్తు ఒక మరకలా మిగులుతుంది.

అందుకని ఎడిటింగ్ అయ్యాక వీడియోను వాట్సాప్‌లో పంపించుకుని, ఆఫీసులో ఉన్న చవక ఫోన్లో, చెయ్యి చాచినంత దూరం నుంచి చూస్తాను. ఒత్తు కనిపిస్తే పాస్. కనిపించకపోతే అక్షరం పెంచుతాను, అడ్రసు తగ్గిస్తాను. నాలుగు బ్రాంచీల అడ్రసులూ అడుగున వేయాల్సిందేనని పట్టుబట్టేవాళ్లతో నాకు రోజూ తగాదానే. రిజల్యూషన్ పెంచండి, అన్నీ పడతాయి అంటారు. మీరు పెంచగలిగింది నా కంప్యూటర్లో, కొనేవాడి ఫోన్లో కాదండీ అంటాను.

కెమెరాను నిందించే ముందు లైటు కూడా చూడాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత ట్యూబులైట్ల కింద షట్టర్ను 1/50 దగ్గరో 1/100 దగ్గరో ఉంచకపోతే తెర మీద పట్టీలు పాకుతాయి. 8కెలో తీస్తే పట్టీలు కూడా 8కెలోనే వస్తాయి.

మంగళగిరిలో ఒక దుకాణదారు గారు కొత్త కెమెరా కొనాలా అని అడగడానికి వచ్చారు. వాళ్లమ్మాయి సాయంత్రాలు ఫోన్ పెట్టుకుని లైవ్‌లో చీరలు అమ్ముతుంది. 720 కూడా ఒక్కోసారి నిలబడదు. అయినా ఆ అమ్మాయి కొంగు మడత విప్పి, గుడ్డను వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకి ఎత్తి చూపిస్తుంటే కింద ఆర్డర్లు పడుతూనే ఉంటాయి. కెమెరా వద్దు, ఒక మంచి లైటు, కదలని స్టాండు కొనండి అన్నాను. కొన్నారు. ఇప్పుడాయన ఫోన్ చేసి అడిగేది వేరు: "కుంకుమ రంగు చీర లైవ్‌లో గులాబీలా కనబడుతోందేమిటండీ? వాపసు వచ్చేస్తున్నాయి." అది చుక్కల సంగతి కాదు, వైట్ బ్యాలెన్స్ సంగతి. వచ్చే వారం మాట్లాడుకుందాం.