దగ్గరుండి మింగించడం

బందరులో టీబీ మందు వాడేవాళ్ల చేత దగ్గరుండి మాత్రలు మింగించే పని కొన్నాళ్లు చేశాను. దానికి డిగ్రీ అక్కర్లేదు. గ్లాసుడు నీళ్లు, ఒక కార్డు, కాస్త మొండితనం ఉంటే చాలు.

గిలకలదిండిలో వలలు బాగుచేసే బాబాయి ఒకాయన ఉండేవాడు. మొదట్లో ఒంటేలు ఎర్రగా వస్తోందని హడలిపోయాడు. అది రిఫాంపిసిన్ అనే మాత్ర రంగు, రక్తం కాదని చెప్పాను. రెండు నెలలకి దగ్గు తగ్గింది, ఒళ్లు పట్టింది. ‘ఇంకా ఎందుకురా ఇవి?’ అని రోజూ గొడవ. ‘డాక్టరుగారు చెప్పారు కాబట్టి’ అనడం నాకే నచ్చక, చదవడం మొదలుపెట్టాను.

మన రక్షక కణం టీబీ క్రిమిని మింగి, దాని మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి ఘాటు రసాయనాలు గుప్పిస్తుంది. అది తట్టుకోవడానికి క్రిమి దగ్గర మైకోథయోల్ అనే రసాయనం ఉంది, క్యాట్‌జి అనే ఎంజైమూ ఉంది. ఈ ఎంజైము పెరాక్సైడ్‌ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విరిచేస్తుంది. 1952లో వచ్చిన టీబీ మందు ఐసోనియజిడ్ కథంతా దీని చుట్టూనే. ఆ మందు దానంతటది క్రిమిని చంపలేదు. క్యాట్‌జి చేతిలో పడ్డాకే విషమై, క్రిమిని మైనపు గోడ కట్టుకోనివ్వదు. కాపలావాడే దొంగకి తలుపు తీసినట్టన్నమాట.

ఈ మందుకి లొంగని క్రిముల్లో పెరాక్సైడ్‌ని విరిచే పని, అంటే క్యాటలేజ్, చచ్చుబడి ఉంటోందని 1954లోనే పరిశోధకుడు మిడిల్‌బ్రూక్ గమనించాడు. దాని వెనకున్న జన్యువు తేలింది 1992లో. అయితే మొండి క్రిముల్లో ఎక్కువగా కనిపించే మార్పు ఇంకా గడుసుది. ఎంజైములో 315వ చోట ఒక్క అమైనో ఆమ్లం మారుతుంది. మందు విషంగా మారడం దాదాపు ఆగిపోతుంది, పెరాక్సైడ్‌ని విరిచే పని మాత్రం చాలావరకు సాగుతుంది. శత్రువే గానీ, ఆ పనితనానికి ముచ్చటేసింది.

బాబాయి ప్రశ్నకి జవాబు ఇంకోచోట దొరికింది. ఆక్సిజన్ తగ్గితే ఈ క్రిమి పెరగడం మానేసి, కొవ్వు దాచుకుని, ఉన్నదాంతో నెట్టుకొస్తుంది. కొత్తగా గోడే కట్టనిదాన్ని ఐసోనియజిడ్ ఏం చేస్తుంది? దగ్గు తగ్గేసరికి చచ్చినవి చురుగ్గా ఉన్నవి. మందగించినవి మిగిలే ఉంటాయి. రిఫాంపిసిన్, పైరజినమైడ్ కలిపి ఇచ్చేది, ఆరు నెలలు లాగేది వాటికోసమే.

రేవు మనుషులకి చెప్పాల్సింది ఇంకోటుంది. టీబీ అనగానే పత్యమంటూ చేపలు మాన్పించేస్తారు. అది దండగ, బలానికి చేపే కావాలి. కాకపోతే ఐసోనియజిడ్ మన ఒంట్లో హిస్టమిన్‌ని విరిచే ఎంజైముకీ అడ్డుపడుతుంది. ఐసు సరిగా పట్టని సూరల్లో, కానాగంతల్లో హిస్టమిన్ పేరుకుంటుంది, వండినా పోదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, తలపోటు, గుండెదడ వస్తాయి. చేప తాజాదైతే భయం లేదు. ఈ మందు వల్ల వేళ్లు తిమ్మిరెక్కితే వెంటనే చెప్పాలి, దానికి బి6 మాత్ర ఉంది. వల ముడులు వేసే బాబాయి ఈ ఒక్క మాట మాత్రం శ్రద్ధగా విన్నాడు.

వేటకెళ్లేవాళ్లకి రోజులు లెక్కేసి స్ట్రిప్పులు ముందే ఇప్పించాలి. ఉప్పునీళ్లు తగలకుండా కవర్లో చుట్టాలి. రెండ్రోజులవి ఎక్కువే పెట్టాలి. బోటు చెప్పిన రోజుకి ఎప్పుడొచ్చింది గనక!