జేబుకత్తి ఎందుకు పాతబడలేదు

స్విట్జర్లాండ్ సైన్యం 1889 నమూనా ష్మిట్-రూబిన్ రైఫిలును చేతబట్టాక ఒక చిన్న చిక్కు వచ్చిపడింది. ఆ తుపాకీని విప్పి శుభ్రం చేయాలంటే స్క్రూడ్రైవర్ ఉండాలి. సైనికుల భోజనంలోకి అప్పటికే డబ్బాల్లో నిల్వచేసిన ఆహారం వచ్చి చేరింది కాబట్టి ఆ డబ్బా కోసే సాధనమూ కావాలి. రొట్టె కోసుకోవడానికి కత్తి, తోలుపట్టీలకు చిల్లులు పొడవడానికి ములుకు ఎలాగూ తప్పవు. ఈ నాలుగింటినీ చెక్క పిడిలోకి మడిచిన కత్తిని 1891లో సైనికులకు ఇవ్వసాగారు. అంత సరుకు చేయగల కర్మాగారం అప్పటికి స్విట్జర్లాండ్‌లో లేక, తొలి విడతను జర్మనీలోని జోలింగెన్ నుంచి తెప్పించుకున్నారు. ష్విజ్ ప్రాంతంలోని ఈబాఖ్ అనే ఊళ్ళో 1884లో కత్తుల కార్ఖానా పెట్టుకున్న కార్ల్ ఎల్సెనర్‌కు ఇది మింగుడు పడలేదు. తోటి పనివాళ్ళను కూడగట్టి, 1891లోనే తన మొదటి సరుకును సైన్యానికి అందించాడు. తర్వాత విక్టోరినాక్స్‌గా పేరు తెచ్చుకున్న సంస్థ ఆయనదే. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ నాలుగు పనిముట్ల ఎంపిక. యుద్ధం కోసం తయారైన వస్తువే అయినా అందులో యుద్ధానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. తినడం, తుడవడం, బిగించడం, కుట్టడం, అంతే. అడవిలో దారితప్పినవాణ్ణి ఆదుకునే సాధనంగా ఈ కత్తిని చూపించే ప్రకటనలు తర్వాతి కాలానివి. అది పుట్టింది రోజువారీ పనుల జాబితాలోంచి. నూట ముప్పై ఏళ్ళు దాటినా జనం దాన్ని జేబులో వేసుకుంటున్నారంటే, ఆ జాబితా ఇంకా చెల్లుతూ ఉండడమే కారణమని నా వాదన.

సైనికుల కత్తి గట్టిదే కానీ బరువు. ఎల్సెనర్ దాన్ని తేలిక చేసి, ఒక చిన్న బ్లేడునూ కార్క్‌స్క్రూనూ చేర్చి, 1897 జూన్ 12న అధికారుల కత్తి పేరుతో నమోదు చేయించాడు. సైన్యం దీన్ని ఎవరికీ ఇవ్వలేదు. అధికారులు సొంత డబ్బు పెట్టి కొనుక్కున్నారు. పైవాళ్ళు చేతిలో పెట్టిన వస్తువును వాడడం వేరు, ఎవరూ అడగకుండానే కొనుక్కుని మోయడం వేరు. అందుకే ఈ సంప్రదాయం 1897లోనే మొదలైందని చెప్పడం న్యాయంగా ఉంటుంది. ఆ ఏడాది జరిగిన అసలు పని స్ప్రింగుల దగ్గర ఉంది. మడతకత్తిలో ప్రతి బ్లేడు మొదలూ ఒక రివెట్ చుట్టూ తిరుగుతుంది. ఆ మొదలును పిడి వెన్ను వెంబడి పరిచిన ఉక్కు స్ప్రింగు నొక్కిపెట్టి ఉంచుతుంది. గోటిగాడిలో గోరు ఆనించి లాగితే మొదలు తిరిగి స్ప్రింగును పైకెత్తుతుంది, బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే మొదలుకున్న చదునైన అంచు మీద స్ప్రింగు టక్కున పడుతుంది. ఆ చప్పుడులోనే కత్తి నాణ్యత తెలిసిపోతుంది. ఎల్సెనర్ అదే స్ప్రింగుకు వెన్నువైపు కూడా పని చెప్పాడు. రెండే స్ప్రింగుల మీద ముందువైపు నాలుగు, వెనకవైపు రెండు, మొత్తం ఆరు పనిముట్లు నిలిచాయి. పిడి మందం పెరగలేదు. జేబులో వేసుకునే వస్తువుకు మందమే ప్రాణం. రెండు మూడు మిల్లీమీటర్లు పెరిగినా తొడకు ఒరుసుకుంటుంది, నాలుగు రోజులు ఓర్చుకున్నవాడు అయిదో రోజు దాన్ని సొరుగులో పడేస్తాడు.

బయటికి కనబడని నైపుణ్యం మరొకటి ఉంది. ఒకే కత్తిలో ఉన్న ఉక్కంతా ఒకే గట్టితనంతో ఉండదు. విక్టోరినాక్స్ లెక్కలో రాక్‌వెల్ కొలమానం మీద బ్లేడు గట్టితనం 56. రంపం, కత్తెర, గోళ్ళ ఆకురాయి 53. స్క్రూడ్రైవర్, డబ్బా ఓపెనర్, ములుకు 52. కార్క్‌స్క్రూ, స్ప్రింగులు 49. ఉక్కు గట్టిపడేకొద్దీ పదును నిలుస్తుంది, కానీ పెళుసుదనమూ పెరుగుతుంది. మెలిపడే బలాన్ని ఓర్చుకోవలసిన స్క్రూడ్రైవర్‌ను బ్లేడంత గట్టిగా చేస్తే కొస విరిగిపోతుంది. వేలసార్లు వంగి మళ్ళీ నిలబడవలసిన స్ప్రింగుకు ఇంకాస్త మెత్తదనం అవసరం. ఇక బ్లేడు సంగతి. ఖరీదైన కత్తుల ఉక్కు 60కి పైనే ఉంటుంది, ఆ లెక్కన 56 తక్కువేనని కత్తుల ప్రియులు పెదవి విరుస్తారు. నా దృష్టిలో అది లోపం కాదు, ఆలోచించి తీసుకున్న నిర్ణయం. 60 దాటిన ఉక్కును మళ్ళీ పదునెక్కించాలంటే మంచి రాయి, చాలా ఓపిక కావాలి. 56 దగ్గర ఆగిన వాదరను మామూలు సానరాయి మీద పదిహేను ఇరవై డిగ్రీల వాలున పట్టి, రెండువైపులా సమంగా నాలుగైదుసార్లు లాగితే తిరిగి పదునెక్కుతుంది. రోజూ వాడే వస్తువును బాగుచేసుకునే వీలు వాడేవాడి చేతిలో ఉండాలన్నది ఆ అంకెలో ఉన్న విలువ.

అన్ని పనులూ చేసేది ఏ పనీ సరిగా చేయదనే ఆక్షేపణ పాతదే. అందులో నిజం ఉంది. ఈ కత్తిలోని స్క్రూడ్రైవర్ పిడికి నడిమధ్యన లేక ఒక పక్కకు ఉంటుంది, చేతిబలం పూర్తిగా అందదు. కత్తెర రెండు వేళ్ళకు మించి పట్టదు. రంపం పొడవు అరచేతిని దాటదు. మేజాబల్ల మీద వరసగా పేర్చిపెడితే ప్రతి పనిముట్టూ తన పెద్దన్న ముందు వెలవెలబోతుంది. కానీ పనులు మేజాబల్ల ముందు పుట్టవు. కుక్కర్ పిడి స్క్రూ వదులైందని తెలిసేది పొయ్యి దగ్గర. కళ్ళజోడు కాడ ఊగుతోందని తెలిసేది బస్సులో. ఈ పనులకు పట్టే సమయం అరనిమిషం. పనిముట్ల పెట్టె ఎక్కడుందో వెతికి, తెచ్చి, మళ్ళీ దాని చోట పెట్టడానికి పట్టేది పావుగంట. అందుకే అవి వాయిదా పడతాయి. వదులైన స్క్రూ ఒకరోజు ఊడి ఎక్కడో పడిపోతుంది, దాంతో కుక్కర్ పిడినే మార్చాల్సి వస్తుంది. నాసిరకమైనా చేతికందే పనిముట్టు ఇలాంటి చోట మేలురకం పనిముట్టును ఓడిస్తుంది, ఎప్పుడూ ఓడిస్తూనే ఉంటుంది. ఇది మనకు తెలియని తెలివేమీ కాదు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు గాజులకో మంగళసూత్రాలకో నాలుగు పిన్నీసులు తగిలించుకుంటారు. కుట్టుమిషను కన్నా పిన్నీసు గొప్పదని కాదు, కొంగు చిరిగినప్పుడు దగ్గరున్నది అదే. ముళ్ళదారుల్లో తిరిగేవాళ్ళు ముల్లు తీసే శ్రావణాన్ని మొలతాడుకు కట్టుకున్నదీ ఇందుకే. ఈ ఆలోచన ఎంత పాతదంటే, క్రీస్తుశకం మూడో శతాబ్దానిదిగా చెప్పే రోమన్ల మడత పనిముట్టు ఒకటి కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఉంది. వెండి పిడిలోకి చెంచా, ఫోర్కు, ములుకు, పుల్ల, ఇనప బ్లేడు మడుచుకునేవి.

మరో సాక్ష్యం భూమికి చాలా ఎత్తునుంచి వస్తుంది. 1995 నవంబరులో అట్లాంటిస్ షటిల్ రష్యా వారి మీర్ కేంద్రానికి చేరినప్పుడు, అవతలి తలుపును పట్టీలతో, టేపుతో మరీ బిగించి కట్టేసి ఉంచారు. ఆ కట్లు కోయడానికి తనకు అక్కరకొచ్చింది స్విస్ జేబుకత్తేనని వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ చెప్పుకున్నాడు. ప్రతి పనికీ ప్రత్యేక పనిముట్టు చేయించుకోగల చోట కూడా, ముందుగా ఊహించని పని ఎదురైతే దాన్ని తీర్చింది జేబులో ఉన్నదే.

ఈ పనిముట్లను వాడే పద్ధతి తెలియకపోవడం వల్ల కూడా చాలామంది వాటిని తక్కువగా చూస్తారు. డబ్బా ఓపెనర్‌నే తీసుకోండి. దాని కొసకు కొంచెం వెనక ఒక నొక్కు ఉంటుంది. ఆ నొక్కును డబ్బా అంచు కిందికి తగిలించి పిడిని పైకెత్తాలి, కిందికి నొక్కకూడదు. అంచు ఆనుగా నిలిచి, కొస రేకులోకి దిగుతుంది. ఒక్కో ఎత్తుకు కొద్దిపాటి రేకే తెగుతుంది, కత్తిని ముందుకు జరుపుకుంటూ పోవాలి. తొందరపడితే రేకు చిరిగి వేళ్ళను కోస్తుంది. ములుకు సంగతీ అంతే. అది వెన్ను మధ్యలోంచి పిడికి అడ్డంగా లేస్తుంది. పిడి మొత్తాన్ని గుప్పిట పట్టి అరచేతి బలమంతా నిటారుగా దింపవచ్చు. బెల్టును చెక్క మీద పరిచి, కొసను ఆనించి, పదునున్న పక్కకు తిప్పుతూ నొక్కితే తోలు సన్నని పొరలుగా లేచి గుండ్రటి చిల్లు పడుతుంది. బెల్టును తిరగేసి అటునుంచి కూడా రెండు చుట్లు తిప్పితే అంచులు శుభ్రంగా వస్తాయి. చాలా కత్తుల్లో ఆ ములుక్కే దారం ఎక్కించే కన్నం ఉంటుంది, గోనెసంచీ కుట్టడానికి అది చాలు. వైన్ సీసాలు లేని ఇంట్లో కార్క్‌స్క్రూ దండగ అనిపిస్తుంది. కానీ బిగుసుకుపోయిన తాడుముడి మధ్యలోకి దాని మొన దూర్చి లాగితే గోళ్ళతో రాని ముడి వదులవుతుంది. కళ్ళజోడు స్క్రూలకు సరిపడే బుల్లి స్క్రూడ్రైవర్‌ను ఆ మెలికల మధ్యే బిగించి దాచుకోవచ్చు. మామూలు అధికారుల కత్తిలో బ్లేడుకు తాళం ఉండదని మాత్రం మరవకూడదు. బలం ఎప్పుడూ వాదరవైపే పడాలి. పొడవడానికో ఎత్తి పెకలించడానికో వాడితే అది వేళ్ళ మీదికి ముడుచుకుంటుంది.

పనిముట్లు ఎన్ని పెరిగితే అంత మంచిదనే లెక్క నేను ఒప్పుకోను. 1985లో వచ్చిన స్విస్‌చాంప్‌లో 33 పనులకు సాధనాలున్నాయి, బరువు 185 గ్రాములు. న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం దాన్ని తన సేకరణలో చేర్చుకుంది. తయారీ నైపుణ్యానికి ఆ గౌరవం తగినదే. కానీ 185 గ్రాములు జేబును కిందికి లాగుతాయి, బరువైనది ఇంట్లో ఉండిపోతుంది, ఇంట్లో ఉండిపోయినదానికి అసలు పనిముట్ల పెట్టె కన్నా గొప్పదనం ఏమీ లేదు. ఒక బ్లేడు, ఒక కత్తెర, రెండు స్క్రూడ్రైవర్లు, ములుకు ఉండి మూడు వరుసలు మించనిది చాలు. లోటు నిజంగా ఉన్నప్పుడు కొత్త రూపం దానంతటదే పుడుతుంది. టిమ్ లెదర్‌మన్ 1975లో పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతూ, కారుకు మరమ్మతులు చేసుకునేటప్పుడు తన జేబుకత్తికి పటకారు లేని లోటును పదే పదే గమనించాడు. ఆ ఆలోచనను సరుకుగా మార్చి అమ్మేసరికి 1983 వచ్చింది. పటకారును నడుమ పెట్టి, రెండు పిడుల్లో మిగిలినవన్నీ మడిచిన ఆ నమూనా ఇప్పుడు కరెంటు పనివాళ్ళ నడుములకు వేలాడుతోంది. అదీ ఎల్సెనర్ జాబితా పుట్టిన తీరులోనే, చేస్తున్న పనిలోంచే వచ్చింది.

ఈ కాలపు వస్తువులు విప్పడానికి వీల్లేకుండా వస్తున్నాయి కదా, ఇక స్క్రూడ్రైవర్ ఎందుకని అడగవచ్చు. ఫోన్ల విషయంలో అది నిజం. జిగురుతో అతికించినవాటికి, వింత తలల స్క్రూలతో మూసినవాటికి జేబుకత్తి జవాబు చెప్పలేదు. అయినా ఇల్లంటే ఫోను ఒక్కటే కాదు. స్విచ్‌బోర్డు పలకలు, తలుపు బందులు, బొమ్మల్లో బ్యాటరీ మూతలు, సైకిల్ గంటలు ఇంకా స్క్రూల మీదే నిలబడి ఉన్నాయి. ఇక కోయడం పని తగ్గకపోగా పెరిగింది. టేపు చుట్టుకుని గుమ్మం ముందుకొచ్చే అట్టపెట్టెలు మన అమ్మమ్మల కాలంలో ఎక్కడివి?

బరువైన ఆక్షేపణ మరొకటి. కత్తి జేబులో ఉండడమే తప్పు కదా అని. విమానం క్యాబిన్‌లోకి దాన్ని రానివ్వరు, రానివ్వకూడదు కూడా. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత విమానాశ్రయాల్లో ఈ కత్తుల అమ్మకాలు కుప్పకూలాయి. భారత ఆయుధ నిబంధనలు పట్టించుకునేది 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటిన ఆయుధాలను. రెండున్నర అంగుళాల జేబు బ్లేడు ఆ లెక్కలోకి రాదు, స్థానిక పోలీసుల ఆంక్షల మాట వేరు. బ్రిటన్ చట్టం మరింత వివరంగా, 3 అంగుళాలకు మించని, తాళం లేని మడతకత్తిని మాత్రమే కారణం చెప్పకుండా జేబులో ఉంచుకోనిస్తుంది. ఆ గీత నాకు సబబుగా కనిపిస్తుంది. తాళం లేని బ్లేడు పొడిచేవాడి వేళ్ళనే కోస్తుంది, రొట్టె కోసేవాడికి ఏ లోటూ చేయదు. స్విస్ సైన్యం 2008లో ఎంచుకున్న కొత్త కత్తికి ఒంటిచేత్తో తెరుచుకునే, తాళం పడే బ్లేడు ఉంది. సైనికుడికి అది అవసరం కావచ్చు, ఊళ్ళో తిరిగేవాడికి పాతదే మేలు. పక్కవాళ్ళు బెదిరే చోట బ్లేడును మోయడం హక్కని వాదించడం కూడా నాకు నచ్చదు. బ్లేడు లేని నమూనాల మీద పనిచేస్తున్నామని విక్టోరినాక్స్ 2024లో చెప్పింది. సంప్రదాయం చెడిపోయిందని కొందరు బాధపడ్డారు కానీ, కత్తెర, స్క్రూడ్రైవర్, ములుకు మిగిలితే రోజువారీ పనుల్లో ఎక్కువ భాగం మిగిలినట్టే.

మొయ్యాలనుకున్నవాళ్ళు దాన్ని కాస్త చూసుకోవాలి కూడా. జేబులో నూలుపోగులు, దుమ్ము కీళ్ళలోకి చేరి పనిముట్లు బిగుసుకుపోతాయి. గోరువెచ్చని నీళ్ళలో ముంచి ఒక్కొక్కదాన్ని పదిసార్లు తెరిచి మూసి, బాగా ఆరనిచ్చి, ప్రతి కీలు దగ్గరా ఒక్క చుక్క నూనె వేయాలి. కొబ్బరినూనె, వేరుశనగనూనె వేయవద్దు. కొన్నాళ్ళకు అవి జిగురు కట్టి మళ్ళీ మొదటికే తెస్తాయి. ఆహారానికి తగిలినా హాని లేని సన్నని మినరల్ ఆయిల్ సరిపోతుంది. నిమ్మకాయో మామిడికాయో కోసినప్పుడు మాత్రం వెంటనే కడిగి తుడవాలి. స్టెయిన్‌లెస్ ఉక్కయినా పులుపు ఆరిన చోట మచ్చలు పడతాయి.