కాలం తప్పిన సైనికుడు: ఒక వైజ్ఞానిక నవలలో వియత్నాం యుద్ధం

వైజ్ఞానిక కథలలో యుద్ధాలకు కొదువ లేదు. వాటిలో చాలా భాగం కేవలం ఊహలో పుట్టినవి. యుద్ధరంగాన్ని కళ్ళారా చూచినవాడు, తాను చూచినదానిని నక్షత్రాల నడుమకు తీసుకొనిపోయి వ్రాసిన నవలలు కొద్ది. అమెరికన్ రచయిత జో హాల్డ్‌మన్ నవల ‘ది ఫరెవర్ వార్’ అట్టి వాటిలో ముఖ్యమైనది. ఇది 1974లో వెలువడినది. నెబ్యులా, హ్యూగో బహుమతులు రెండూ దీనికి లభించినవి.

హాల్డ్‌మన్ భౌతిక, ఖగోళ శాస్త్రాలు చదివి 1967లో పట్టం పుచ్చుకొన్నాడు. అంతలోనే ప్రభుత్వం అతనిని నిర్బంధంగా సైన్యంలో చేర్చుకొని వియత్నాంకు పంపినది. అక్కడ తీవ్రంగా గాయపడి తిరిగి వచ్చినాడు. నవలలోని కథానాయకుడు మాండెల్లా కూడా భౌతికశాస్త్రం చదివినవాడే. అతనినీ నిర్బంధంగానే తీసుకొనిపోతారు. శత్రువులు టారన్లు అనే దూరనక్షత్రవాసులు. కథారంభాన్ని 1997లోనే ఉంచటంలో ఒక ఉద్దేశమున్నది. వియత్నాంలో పోరాడినవారు అప్పటికి పై అధికారులై ఉండటానికి వీలుండవలెను గదా!

ఈ కథకు ఆధారం ఐన్‌స్టీన్ 1905లో ప్రతిపాదించిన విశిష్ట సాపేక్షతా సిద్ధాంతం. వేగంగా పోయేవాని గడియారం, నిలిచి ఉన్నవాని దృష్టిలో మందగిస్తుంది. కాంతి వేగం సెకనుకు దాదాపు 3,00,000 కిలోమీటర్లు. ఓడ అందులో 99.5 శాతం వేగంతో పోతే, ఓడలో 1 సంవత్సరం గడిచేసరికి భూమిమీద దాదాపు 10 సంవత్సరాలు గడుస్తవి. ఇది కల్పన కాదు. భూమికి సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున పుట్టే మ్యూయాన్ కణాల సగటు ఆయువు 2.2 మైక్రోసెకన్లు మాత్రమే. ఆ కాలంలో కాంతి సైతం 660 మీటర్లకు మించి పోజాలదు. అయినా ఆ కణాలు నేలను చేరుతున్నవి. వాటి కాలం మందగించటమే అందుకు కారణం.

మాండెల్లా స్వంత లెక్కలో కొద్ది కాలమే యుద్ధం చేసి 2024లో ఇల్లు చేరుతాడు. అప్పటికి లోకం మారిపోయినది. తాను విడిచి వెళ్ళిన సంఘం లేదు, మాట లేదు, మర్యాద లేదు. మళ్ళీ సైన్యంలోకే పోతాడు. అతని ఆయువులో కొన్ని సంవత్సరాలు గడిచేసరికి యుద్ధం 1,100 సంవత్సరాలు దాటుతుంది. వియత్నాంలో అమెరికన్ సైనికునికి సాధారణంగా ఒక సంవత్సరం కొలువు. అది ముగియగానే విమానమెక్కి స్వదేశం చేరేవాడు. ఏడాదిలోనే తనవారు పరాయివారైనారని తోచిన ఆ సైనికుని బాధను రచయిత గణితంతో చెప్పినాడు. కాలవ్యత్యాసాన్ని తొలగిస్తే ఈ కథ నిలువదు. శాస్త్రం అలంకారంగా గాక ఎముకగా ఉన్న నవల అని దీనిని మెచ్చుకొనవలసినది ఇందుకే.

శాస్త్రమంతా ఇంత గట్టిది కాదు. కూలిపోయిన నక్షత్రంలో దూకిన ఓడ మరొక నక్షత్రం వద్ద తేలటం కల్పన మాత్రమే. కృష్ణబిలంలో పడినది మరొకచోట వెలువడినట్లు ఏ పరిశీలనా చూపలేదు. ఇక 99.5 శాతం వేగానికి 1 కిలోగ్రాము బరువును తేవాలంటే, 9 కిలోగ్రాముల పదార్థం పూర్తిగా శక్తిగా మారవలెను. అట్టి యంత్రం నేటికీ లేదు. ఈ లెక్కను పై తరగతి విద్యార్థులు స్వయంగా చేసి చూడవచ్చును.

చరిత్రతో పోలిక మరొకచోట కూడా కనబడుతుంది. కనబడకపోయిన ఓడలను శత్రువులే కూల్చినారన్న నమ్మకంతో నవలలో యుద్ధం మొదలవుతుంది. అది పొరపాటని చివరకు తేలుతుంది. 1964 ఆగస్టు 4న టోంకిన్ సింధుశాఖలో తమ నౌకలపై దాడి జరిగినదని అమెరికా ప్రభుత్వం ప్రకటించినది. మూడు రోజులకే అమెరికా కాంగ్రెసు యుద్ధానికి దారితీసిన తీర్మానం చేసినది. ఆనాడు దాడి జరగనేలేదని తరువాత వెల్లడైన పత్రాలు తెలిపినవి. ఆధారాన్ని పరీక్షింపక నిర్ణయానికి వస్తే ప్రయోగశాలలో ఒక ఫలితం చెడుతుంది. రాజ్యం అదే పని చేస్తే ప్రాణాలు పోతవి.

అయితే నవలలో ఒక పెద్ద లోటున్నది. టారన్లకు ముఖం లేదు, పేరు లేదు. వారందరిదీ ఒకే మనస్సు. మనుషులు కూడా ఒకే అచ్చులో పోసినట్లు మారిన తరువాతనే వారితో మాట కలుస్తుంది. వియత్నాం ప్రజలు అట్టివారు కారు. వారికి ఊళ్ళున్నవి, వరిచేలున్నవి, తల్లులున్నారు. వారితో మాట్లాడటానికి అనువాదకుడు చాలును. ఆ యుద్ధంలో 58,000 మందికి పైగా అమెరికన్లు మరణించినారు. వియత్నాం ప్రజలు అంతకు ఎన్నో రెట్లు మరణించినారు. నవల తిరిగి వచ్చిన సైనికుని వేదనను చూపినంతగా, అతని తుపాకికి ఎదురుగా నిలిచినవాని వేదనను చూపలేదు.

ఈ లోటును గుర్తుంచుకొని చదివితే నవల విలువ తగ్గదు. కాలం మందగించటానికి సూత్రం పాఠ్యపుస్తకంలో ఒక పంక్తి మాత్రమే. ఆ పంక్తి వెనుక ఒక మనిషి నిలబడితే, ఇల్లు చేరినా ఇల్లు దొరకని దుఃఖం ఎట్టిదో విద్యార్థికి తెలిసివస్తుంది.