కొలిమి దగ్గర కొన్న పార

పసుపు తవ్వే రోజులొస్తే జగిత్యాల, కోరుట్ల వైపు కమ్మరికి తీరిక దొరకదు. బజారులో రంగేసిన పారలు చవగ్గానే వస్తాయి. అయినా అనుభవమున్న రైతు పాత లారీ కమాను పట్టీ పట్టుకొని కొలిమికే వెళ్తాడు. ఆ ఉక్కు తొందరగా అరగదు.

కమ్మరి ముందు అడిగేది నేల గురించే. రేగడికి వెడల్పు పార, మొరానికి బరువైన గడ్డపార, వేరు తెగకుండా మట్టి కదిలించడానికి చిన్న ఖుర్పీ. అసలు పనితనం ఆ తర్వాతే. ఎర్రగా కాగిన మొనను దాగలి మీద సాగగొట్టి, కొసను నీళ్లలో ముంచి తీస్తాడు. వెనకనున్న వేడి మొనకు పాకి రంగు మారగానే మళ్లీ ముంచుతాడు. తొందరపడితే మొన పెళుసై విరుగుతుంది, ఆలస్యమైతే మెత్తబడుతుంది. ఆ లెక్కంతా కంటిదే.

ఈ విద్య ఇక్కడ పాతదే. పొరుగున నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లి కత్తులైంది.

పెరటి మడికి పార కొన్నా ఇవే చూడండి: పిడి దూరే కన్ను దగ్గర పగులు ఉండకూడదు, సుత్తె తగిలితే ఖంగుమనాలి, తుమ్మకర్ర పిడికి పీచు నిలువుగా ఉండాలి. మొన అరిగితే పారేయకండి, సాగగొట్టించండి. పార ఇంకొన్నేళ్లు నిలుస్తుంది, కమ్మరికీ పని దొరుకుతుంది.